క్షమించానన్న తరువాత బాకీ అడగవచ్చునా?

ఎదురుచూపు (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ వందనములు. ఈ ప్రశ్న రాయడానికి చాలా రోజులు వెనుకాడాను, ఎందుకంటే రాస్తే ఒక సోదరుని మీద ఫిర్యాదులా కనిపిస్తుందేమోనని భయం. ఆయన పేరు, సంఘం పేరు, మొత్తం ఎంత అన్నవి చెప్పను. అవి లేకపోయినా ప్రశ్న అర్థమవుతుంది.

మూడేళ్ల క్రితం మా సంఘంలోనే ఆరాధనకు వచ్చే ఒక సోదరుని భార్యకు అత్యవసరంగా శస్త్రచికిత్స చేయించవలసి వచ్చినప్పుడు, నేనూ నా భార్యా దాచుకున్న డబ్బును ఆయనకు చేబదులుగా ఇచ్చాము. వడ్డీ మాట ఎత్తలేదు. ఏడాదిలో తిరిగి ఇస్తానని ఆయనే తెల్లకాగితం మీద రాసి, సంతకం చేసి ఇచ్చారు. ఏడాది గడిచింది, రెండో ఏడాదీ గడిచింది. ఆమె దేవుని దయ వల్ల పూర్తిగా కోలుకున్నారు. ఆయన మాత్రం నన్ను చూసి పక్కకు తప్పుకోవడం మొదలుపెట్టారు. ఇటీవల ప్రభురాత్రి భోజనానికి ముందు, ఎవరి మీదనైనా ఏమైనా ఉంటే సమాధానపడి బల్ల దగ్గరకు రండని పాస్టరు గారు చెప్పినప్పుడు, ఆయన నేరుగా నా దగ్గరకు వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని, "అన్నా, నా మీద మనసులో ఏమీ పెట్టుకోవద్దు, నన్ను క్షమించండి" అన్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "క్షమించాను తమ్ముడూ" అన్నాను. ఆ మాట నిజంగానే అన్నాను.

రెండు నెలల తరువాత మా అమ్మాయి చదువుకు డబ్బు కట్టవలసి వచ్చి, కొంతైనా సర్దగలరా అని ఫోను చేశాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, "ఆ రోజు క్షమించానన్నారు కదా అన్నా, మళ్లీ అడుగుతున్నారేమిటి? ప్రభువు బల్ల ముందు అన్న మాట అది" అన్నారు. నాకు నోట మాట రాలేదు. సంఘపెద్ద ఒకరిని అడిగితే, "వదిలేయండి, పరలోకంలో మీ ఖాతాకు చేరుతుంది" అన్నారు.

కోర్టుకు వెళ్లే ఆలోచన నాకు లేదు. నాకు తెలియవలసినది ఒక్కటే: క్షమించాను అని ఒక విశ్వాసి అన్నప్పుడు అందులో అప్పు కూడా పోయినట్లేనా? మళ్లీ అడిగితే నేను అన్న మాటను నేనే వెనక్కు తీసుకున్నవాణ్ణి అవుతానా?

వాక్యసాక్షి

సోదరా, మీ బాధ అర్థమవుతోంది, కానీ జవాబు మనకు నచ్చినా నచ్చకపోయినా స్పష్టంగానే ఉంది. ప్రభువు నేర్పిన ప్రార్థనలో మనం ప్రతి ఆదివారం చెప్పే మాట ఏమిటి? "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము." మత్తయి 6:12లో ఉన్నది తప్పు కాదు, పొరపాటు కాదు, ఋణము. నోటితో ఈ ప్రార్థన చేసి, బయటకు వచ్చి ఋణస్థునికి ఫోను చేయడం ఎలా కుదురుతుంది?

మత్తయి 18లో రాజు ముందు సాగిలపడిన దాసుడు అడిగింది గడువు మాత్రమే. "నాయెడల ఓర్చుకొనుము, నీకు అంతయు చెల్లింతును" అన్నాడు. రాజు గడువు ఇవ్వలేదు, అప్పే కొట్టివేశాడు. అడిగినదానికంటే ఎక్కువ ఇవ్వడమే దేవుని పద్ధతి. మీరు ఆ రోజు అడిగినంతే ఇచ్చారా, అంతకు మించి ఇచ్చారా అని లెక్కపెట్టుకుంటున్నారు; రాజు ఆ లెక్క పెట్టుకోలేదు. లూకా 6:30లో, నీ సొత్తు ఎత్తికొనిపోయినవాని దగ్గర దాన్ని మరల అడగవద్దని ప్రభువే చెప్పారు. కొరింథులో విశ్వాసులు ఒకరి మీద ఒకరు వ్యాజ్యాలు వేసుకుంటే, దానికంటే అన్యాయాన్ని సహించడం మేలు కాదా, సొత్తు పోగొట్టుకోవడం మేలు కాదా అని పౌలు అడిగారు. ఈ వాక్యాలన్నీ చదివాక కూడా అడిగే హక్కు నాకుందని అనడం నాకు సాధ్యం కాదు. మన విశ్వాసం ఆదివారం పాటల్లో కనబడదు; పోయిన డబ్బు దగ్గర కనబడుతుంది.

చిట్టాపుస్తకం

నేను వృత్తిరీత్యా లెక్కలు రాసేవాణ్ణి, అందువల్ల వాక్యసాక్షి గారు చూపించిన ఉపమానంలో అంకెల దగ్గర నుండే మొదలుపెడతాను.

మొదటి దాసుడు రాజుకు అచ్చియున్నది, అంటే బాకీ ఉన్నది, పదివేల తలాంతులు. రెండవవాడు, అంటే అతని తోటి దాసుడు, మొదటివానికి అచ్చియున్నది నూరు దేనారములు. దేనారము ఒక కూలివాని ఒక రోజు కూలి అని మత్తయి 20లోనే ఉంది. ఒక తలాంతు సుమారు 6,000 దేనారములు. అంటే మొదటి అప్పు 6 కోట్ల రోజుల కూలి, రెండవది 100 రోజుల కూలి. ఒకటి మరొకదానికి 6 లక్షల రెట్లు. ఇక్కడ చాలామంది ప్రసంగీకులు మొదటి అంకె ఎంత పెద్దదో చెప్పి ఆగిపోతారు. రెండవ అంకె కూడా చిన్నది కాదు. మూడు నెలలకు పైగా చేసిన కష్టం అది. ప్రభువు అప్పిచ్చినవాని నష్టాన్ని సున్నా చేసి చూపించలేదు. రాజు క్షమించిన ఆ మొదటి దాసుడు దుష్టుడైనది అప్పు ఉందని చెప్పినందుకు కాదు. తోటివాని గొంతు పట్టుకున్నందుకు, ఓర్చుకొమ్మని తాను అడిగిన మాటే అవతలివాడు అడిగితే చెవిన పెట్టక చెరసాలలో వేయించినందుకు.

అదే అధ్యాయం కొంచెం పైకి వెళ్లి చదవండి. 15వ వచనం నుండి 17వ వచనం దాకా ఏముంది? నీ సహోదరుడు తప్పు చేస్తే నీవు ఒంటరిగా వెళ్లి అతనికి చెప్పు. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లు. అప్పుడూ వినకపోతే సంఘానికి చెప్పు. అడగడమే పాపమైతే ఈ మూడు మెట్లూ ఎందుకు? లూకా 17:3లో కూడా గద్దించడం ముందు, మారుమనస్సు తరువాత, క్షమాపణ ఆ తరువాత. మనవాళ్లు ఆ మూడింటిలో చివరిది మాత్రం పట్టుకుని మిగతా రెండింటినీ అణకువ పేరుతో దాటవేస్తారు.

ఇక తీసుకున్నవాని బాధ్యత. భక్తిహీనులు అప్పు చేసి తీర్చరని 37వ కీర్తన 21వ వచనం. దోచుకున్నదాన్ని అయిదవ వంతు కలిపి తిరిగి ఇచ్చి, ఆ తరువాతే అపరాధపరిహారార్థబలి తెమ్మని లేవీయకాండము 6వ అధ్యాయం. పన్నులు వసూలు చేసే జక్కయ్య అయితే అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు, ఆ మాట విన్నాకే "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అని ప్రభువు అన్నారు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది రెండవ రాజులు 4వ అధ్యాయం. అప్పులవాడు వచ్చి కొడుకులిద్దరినీ దాసులుగా పట్టుకుపోతాడని ఏడుస్తూ వచ్చిన విధవరాలికి ఎలీషా అద్భుతం చేశాడు. నూనె పొంగి పాత్రలన్నీ నిండాయి. అప్పుడు ప్రవక్త ఏమన్నాడు? అప్పులవాడు కఠినుడు, వాణ్ణి పట్టించుకోవద్దు అనలేదు. నూనె అమ్మి ముందు అప్పు తీర్చు, మిగిలినదానితో నీవూ నీ పిల్లలూ బ్రతకండి అన్నాడు. అద్భుతంలో మొదటి వాటా అప్పులవాడికే వెళ్లింది.

కాబట్టి ఎదురుచూపు గారూ, మీరు నిరభ్యంతరంగా అడగవచ్చు. తన మీద కోపం లేదన్న మాటను అప్పు రద్దు పత్రంగా మార్చుకున్న ఆ సోదరుడు మీ క్షమాపణను రెండోసారి అప్పుగా తీసుకున్నాడు.

మితభాషి

రెండు ప్రశ్నలు. ఆ రోజు ఆయన ఏ విషయానికి క్షమాపణ అడిగారు: ఆలస్యానికా, తప్పించుకు తిరిగినందుకా, అప్పుకా? ఇప్పుడు ఆయన తీర్చగల స్థితిలో ఉన్నారా?

ఎదురుచూపు

మితభాషి గారు అడిగినది నేను ఇంతవరకు నన్ను అడుగుకోలేదు. ఆ రోజు ఆయన అప్పు అనే మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నా వరకు నేను క్షమించింది, ఆ రెండేళ్లు ఆరాధన అయ్యాక ఆయన నా ముందు నుండి తల తిప్పుకుని వెళ్లిపోవడాన్ని. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. రెండవ ప్రశ్నకు జవాబు: ఉద్యోగం ఉంది, జీతం క్రమంగా వస్తోంది. ఒక్కసారిగా మొత్తం ఇవ్వలేకపోవచ్చు, కొంచెం కొంచెంగా ఇవ్వగలరని నా అంచనా. తప్పు అయితే తప్పు.

వాక్యసాక్షి

చిట్టాపుస్తకం గారు బాగా రాశారు, కానీ ఆయన చూపించిన వాక్యాల్లో ఎక్కువ భాగం తీసుకున్నవానితో మాట్లాడేవి. ఇచ్చినవానితో లేఖనం మాట్లాడినప్పుడు స్వరం మారుతుంది. జక్కయ్య తనంతట తాను లేచి నిలబడి ఇస్తానన్నాడు. అతని చేత నష్టపోయినవారు గుమ్మం ముందుకు వచ్చి అడిగినట్లు లేదు. అప్పు తీర్చడం అతని విశ్వాసానికి పరీక్ష, అడగకుండా ఉండడం మన విశ్వాసానికి పరీక్ష. అతని ప్రశ్నపత్రం మనం దిద్దనవసరం లేదు.

ఇంకొకటి. ఏడవ సంవత్సరం దగ్గరపడింది, ఇస్తే తిరిగి రాదు అని మనసులో చెడు తలంపు పుట్టనీయవద్దని ద్వితీయోపదేశకాండము 15:9 హెచ్చరిస్తుంది. ఏడేళ్లకొకసారి అప్పులు విడిచిపెట్టమన్నది ధర్మశాస్త్రమే. కృప కింద ఉన్న మనం ధర్మశాస్త్రం కింద ఉన్నవారికంటే బిగుసుకుని కూర్చుంటామా? మరల పొందుతామని ఆశించి అప్పిస్తే పాపులు కూడా అదే చేస్తారని లూకా 6:34లో ప్రభువు అన్నారు.

చిట్టాపుస్తకం

ఆ ఏడేళ్ల విడుదలకు ఏమయిందో కూడా చెప్పాలి కదా. విడుదల సంవత్సరం వస్తోందని ఉన్నవాళ్లు అప్పివ్వడమే మానేశారు, నష్టపోయింది పేదవాళ్లు. అందుకే హిల్లేలు అనే రబ్బీ ప్రొస్బుల్ అనే పద్ధతి పెట్టాడని యూదుల ధర్మగ్రంథమైన మిష్నాలో ఉంది. అప్పు వసూలును న్యాయస్థానానికి అప్పగిస్తున్నట్లు పత్రం రాసుకుంటే ఏడవ సంవత్సరం దాటినా ఆ అప్పు నిలిచి ఉంటుంది. అది ధర్మశాస్త్రానికి తూట్లు పొడవడమే అని కొందరంటారు, పేదవానికి అప్పు పుట్టించడానికే అని కొందరంటారు. నేను రెండవ పక్షం. సంఘంలో అప్పు తీసుకున్నది తిరిగి ఇవ్వనక్కరలేదని రూఢి అయితే, రేపు మరొక సోదరి శస్త్రచికిత్సకు చేబదులు ఇచ్చేవారు ఎవరు?

పదశోధిని

నేను కొన్నేళ్లు గ్రీకు నేర్చుకున్నాను, పాండిత్యం అనేంత కాదు. ఈ చర్చ మొత్తం రెండు మూడు మాటల మీద నిలబడి ఉంది కనుక ఆ మాటలను దగ్గరగా చూద్దాం.

మత్తయి 6:12లోని మాట ఒఫెయిలేమా, అంటే అక్షరాలా అప్పే. యేసు ప్రభువు మాట్లాడిన అరామిక్ భాషలో హోబా అనే మాటకు అప్పు, పాపం అనే రెండు అర్థాలూ ఉన్నాయి. అందుకే మత్తయి అప్పు అని రాసిన చోట లూకా 11:4లో మొదటి సగంలో పాపములు అని రాసి, రెండవ సగంలో మాత్రం అప్పు అనే క్రియనే ఉంచాడు. మన తెలుగు బైబిలు అనువాదకులు అక్కడ "మా కచ్చియున్న ప్రతివానిని" అని పెట్టారు. అచ్చియుండడం అంటే బాకీ ఉండడం అని ఇప్పుడు ఎంతమందికి తెలుసో తెలియదు. మా సండే స్కూలు పిల్లలు మాకు నచ్చిన ప్రతివానిని అని చదువుతుంటే ఒకసారి నవ్వు ఆపుకోలేకపోయాను. నచ్చినవారిని క్షమించడానికి ప్రార్థన ఎందుకు! ఇక మత్తయి 6:14లో, ప్రార్థన ముగిసిన వెంటనే, ప్రభువే వివరణ ఇచ్చారు, అక్కడ మాట మారింది: మనుష్యుల అపరాధములు. కాబట్టి ఆ ప్రార్థనలో ఋణము అంటే ముందుగా అపరాధమే అని అనుకోవడానికి ఆధారం ఆ పేరాలోనే ఉంది. ఆంగ్లంలో ఈ ప్రార్థన చెప్పేటప్పుడు ప్రెస్బిటేరియన్లు అప్పులు అనీ, ఆంగ్లికన్లు అపరాధములు అనీ శతాబ్దాలుగా వేరు వేరుగా చెబుతూనే ఉన్నారు. వాక్యసాక్షి గారికీ చిట్టాపుస్తకం గారికీ ఉన్న తేడా కొత్తది కాదన్నమాట.

లూకా 6:35 సంగతి ఇంకా ఆసక్తికరం. ఆంగ్ల అనువాదాల్లో చాలావాటిలో అది, తిరిగి ఏమీ ఆశించక అప్పియ్యండి అనే అర్థంలో ఉంటుంది. మన తెలుగు బైబిలు తెరిచి చూడండి: "ఎట్టివారిని గూర్చియైనను నిరాశ చేసికొనక" అని ఉంది. అక్కడి గ్రీకు క్రియ అపెల్పిజో. ఇతర గ్రీకు గ్రంథాల్లో దాని అర్థం నిరాశ చెందడమే. తిరిగి ఆశించడం అనే అర్థం 34వ వచనపు సందర్భం నుండి తెచ్చుకున్నది. రెండు పఠనాలకూ పండితుల మద్దతు ఉంది, నేను తీర్పు చెప్పలేను. కానీ తెలుగు పఠనం ప్రకారం చూస్తే ఆ వచనం ఎదురుచూపు గారితో వేరే మాట చెబుతోంది: ఆ సోదరుని మీద ఆశ వదులుకోవద్దు. ఇతను ఇక ఇవ్వడులే అనుకుని వదిలేయడం బయటకు ఔదార్యంలా కనిపిస్తుంది, లోపల అది ఒక మనిషిని కొట్టివేయడం.

చివరిగా, క్షమించు అన్న మన మాట. గ్రీకులో దానికి వాడినది అఫియేమి, వదిలిపెట్టడం, విడిచిపంపడం. మనం వాడుతున్న క్షమ సంస్కృతపు మాట. దాని అర్థం ఓర్పు, భూమికి కూడా ఆ పేరుంది. గ్రీకువాడు క్షమిస్తే చేతిలోనిది జారవిడుస్తాడు, మనం క్షమిస్తే భుజాన మోస్తాం. ఆ సోదరుడు "నన్ను క్షమించండి" అన్నప్పుడు ఏది అడిగాడు? ఓర్చుకొమ్మనా, విడిచిపెట్టమనా? ఆ రోజు ఆ చేతుల మధ్య రెండు అర్థాలు కలిసిపోయాయి. దీనికి నిఘంటువులో పరిష్కారం లేదు, వాళ్లిద్దరూ కూర్చుని మాట్లాడుకోవలసిందే.

పేరుచెప్పను

నేను ఈ విషయంలో అవతలి వైపు నుండి మాట్లాడుతాను, అంటే అప్పు తీసుకున్నవాని వైపు నుండి.

కొన్నేళ్ల క్రితం ఉద్యోగం పోయినప్పుడు మా సంఘంలో నాకంటే పెద్దవారైన ఒక సోదరి దగ్గర డబ్బు తీసుకున్నాను. చెప్పిన గడువుకు ఇవ్వలేకపోయాను. ఏడాదిన్నర పాటు ఆమె ఒక్క మాట కూడా అడగలేదు. మీరంతా దాన్ని ప్రేమ అంటారేమో. నాకు మాత్రం ఆ నిశ్శబ్దం వీపు మీద చూపులా తగిలేది. ఆమె ఎటువైపు కూర్చుంటారో చూసుకుని నేను రెండో వైపు చివరి వరుసలో కూర్చునేవాణ్ణి. ఆఖరి పాట రెండో చరణంలో ఉండగానే, దీవెన వినకుండా, బయటకు వచ్చి చెప్పులు వేసుకునేవాణ్ణి. నమ్మకంగా ఉండడం గురించి పాస్టరు గారు ఏ ప్రసంగం చేసినా, ఆమె చెప్పి చేయించారేమోనని అనిపించేది. చివరకు ఆమె మీద కోపం వచ్చింది, అప్పు నాదైనా.

ఒక రోజు నేను చెప్పులు వేసుకుంటుండగా ఆమె నా వెనకే బయటకు వచ్చారు. "నెలకు ఎంత ఇవ్వగలవో చెప్పు బాబూ. ఏమీ ఇవ్వలేనంటే అదైనా చెప్పు, అప్పుడు ఏం చేయాలో నేను ఆలోచిస్తాను. కానీ దీవెన అయ్యేదాకా కూర్చో" అన్నారు. అంతే. నేను ఒక అంకె చెప్పాను, చాలా చిన్నది. ఆమె సంచిలో నుండి ఒక చేతిపుస్తకం తీసి, నా చేతే రాయించారు. 14 నెలలు పట్టింది. ప్రతి నెలా ఇచ్చినది నేనే రాసి సంతకం చేసేవాణ్ణి, ఆమె చూసి మూసేవారు.

ఆమె అడగకుండా ఉండి ఉంటే నేను ఈపాటికి సంఘం మారిపోయి ఉండేవాణ్ణి. డబ్బు ఆమెకు పోయేది, సంఘం నాకు పోయేది.

వాక్యసాక్షి

పేరుచెప్పను గారూ, మీరు రాసినది రెండుసార్లు చదివాను. అడగడం కూడా ప్రేమ కావచ్చునన్న మాటను నేను ఒప్పుకోకతప్పదు. కానీ ఆమె అడిగిన తీరులో, ఏమీ ఇవ్వలేనంటే అదైనా చెప్పు అన్న మాట ఉంది. ఆ తలుపు తెరిచి ఉంచి అడగడం ఒకటి, కాగితం చేతబట్టుకుని అడగడం వేరొకటి. మన సంఘాల్లో నేను చూసినవి ఎక్కువగా రెండవ రకం, నా మొదటి జవాబులోని గట్టిదనం అక్కడి నుండి వచ్చింది.

చిట్టాపుస్తకం

ఆ తీరు గురించి ధర్మశాస్త్రంలో ఒక చిన్న నియమం ఉంది, మనం దాని మీద ప్రసంగాలు వినము. ద్వితీయోపదేశకాండము 24:10, 11. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం అప్పు తీసుకున్నవాని ఇంట్లోకి వెళ్లకూడదు. బయట నిలబడాలి. తీసుకున్నవాడే దాన్ని బయటకు తెచ్చి ఇవ్వాలి. తిరుగటిరాతిని, అంటే వాడి బ్రతుకుతెరువును, తాకట్టు పట్టకూడదని అదే అధ్యాయం 6వ వచనం. పేదవాని దుప్పటి తాకట్టు పెట్టుకుంటే పొద్దుగూకక ముందే తిరిగి ఇవ్వాలని 13వ వచనం. వీటన్నిటిలో అప్పు ఉందన్న సంగతి ఎవరూ కాదనలేదు, గడప దాటవద్దన్నారంతే. అడిగే హక్కు ఉంది, అతని ఇంట్లో ఏముందో, ఏ వాహనం కొన్నాడో, ఎవరి పెళ్లికి ఏం పెట్టాడో లెక్కతీసే హక్కు లేదు.

క్వేకర్లు అనే క్రైస్తవ సమాజంలో ఒకప్పుడు ఒక పద్ధతి ఉండేది. వ్యాపారం దివాలా తీసి, చట్టం అప్పు నుండి విడుదల చేసినా, తరువాత చేతిలో డబ్బు ఆడినప్పుడు పాత అప్పులవాళ్లకు పూర్తిగా తీర్చాలని వారి సమాజం ఆశించేది. చట్టం విడిచిపెట్టినదాన్ని కూడా మనస్సాక్షి మోయాలని వాళ్లు అనుకున్నారు. మన ఎదురుచూపు గారి స్నేహితుడు దానికి సరిగ్గా తలకిందులుగా వెళ్తున్నారు: మనస్సాక్షి మాటను తీసుకుని చట్టబద్ధమైన రసీదుగా వాడుకుంటున్నారు.

మితభాషి

సంఘపెద్ద గురించి ఎవరూ మాట్లాడలేదు. 1 కొరింథీయులకు 6లో పౌలు, సహోదరుల మధ్య వ్యవహారం తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని అడిగాడు. వ్యాజ్యం వద్దన్నాడు, తగవు తీర్చవద్దనలేదు. 7వ వచనం చదివి 5వ వచనం వదిలేయడం పెద్దలకు సౌకర్యంగా ఉంటుంది.

పదశోధిని

నిజమే. ఈ విషయంలో 16వ శతాబ్దపు ప్రొటెస్టంట్ సంస్కరణ కాలంలోనే చీలిక ఉంది. 1527లో, పెద్దయ్యాకే బాప్తిస్మం ఇవ్వాలన్న అనాబాప్టిస్టులు ష్లైట్‌హైమ్‌లో ఒప్పుకున్న అంశాల్లో, లోకసంబంధమైన తగాదాల్లో క్రైస్తవుడు తీర్పు చెప్పకూడదని ఉంది. అన్నదమ్ముల ఆస్తి పంచమని ఒకడు అడిగితే ప్రభువు నిరాకరించిన లూకా 12 ఘట్టం వారికి ఆధారం. సంస్కర్త కాల్విను మాత్రం, ద్వేషం లేకుండా, అవతలివాణ్ణి స్నేహితునిలా చూడగలిగితే న్యాయస్థానానికి వెళ్లడం కూడా పాపం కాదన్నాడు, అలా వెళ్లగలవాళ్లు అరుదని కూడా అన్నాడు. రెండు పక్షాలూ భయపడింది ఒక్కదానికే, డబ్బు అడుగుతూ అడుగుతూ మనిషిని పోగొట్టుకోవడానికి.

ఫిలేమోను పత్రిక కూడా ఒక్కసారి గుర్తు చేసుకుందాం. ఫిలేమోను దాసుడైన ఒనేసిము వల్ల అతనికి నష్టం జరిగి ఉంటే, అప్పు ఉంటే, దాన్ని మరచిపొమ్మని పౌలు రాయలేదు. నా లెక్కలో వేయి, నేనే తీరుస్తాను అని సొంత చేతితో రాశాడు. క్షమించమని సిఫారసు చేసేవాడు తన జేబులో చేయి పెట్టాడు. వదిలేయండన్న ఆ పెద్దకు ఈ వచనం చూపించాలని నాకు ఉంది.

ఎదురుచూపు

ఇన్ని రోజులు జవాబు రాయనందుకు మన్నించండి. ఆదివారం సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లాను. చిట్టాపుస్తకం గారు రాసినది మనసులో ఉండి, లోపలికి రమ్మన్నా వెళ్లలేదు. ఇద్దరం బయట అరుగు మీద కూర్చున్నాము. "ఆ రోజు నేను క్షమించింది నువ్వు నన్ను తప్పించుకు తిరిగినందుకు. డబ్బు మాట మనం ఇద్దరం అనుకోలేదు. నీకు వేరేలా అర్థమైతే అందులో నా తప్పు కూడా ఉంది" అన్నాను. ఆయన చాలాసేపు చెప్పు కొనతో నేల మీద గీస్తూ కూర్చున్నారు. "క్షమించారన్న ధైర్యంతో వేరే చోట కొత్త అప్పు చేశాను అన్నా" అన్నారు చివరకు. అది నేను ఊహించలేదు.

నెలకు కొంత చొప్పున ఇస్తానన్నారు. నేను ఆ తెల్లకాగితం వెనుక, మొత్తంలో మూడో వంతు నేను విడిచిపెడుతున్నానని, మిగతాది ఎప్పటిలోగా అన్నదీ రాసి, ఇద్దరం సంతకం చేశాము. ఈసారి ఏది క్షమించానో, ఏది క్షమించలేదో రాతపూర్వకంగా ఉంది. వాక్యసాక్షి గారికి ఇది తక్కువ అనిపించవచ్చు, చిట్టాపుస్తకం గారికి ఎక్కువ అనిపించవచ్చు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టింది.

వాక్యసాక్షి

తక్కువ అనను. నేనైతే మొత్తం వదిలేసేవాణ్ణి అని మాత్రం ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ నేను ఎవరికీ అంత మొత్తం ఎప్పుడూ ఇచ్చి ఉండలేదని కూడా ఇక్కడ చెప్పడం న్యాయం.

ఇంటావిడ

నేను ఎదురుచూపు గారి భార్యను. ఈ చర్చ మొత్తం మొదటి నుండి చదివాను. ఆయన రాసినదంతా నిజమే, కానీ ఒక సంగతి ఆయనా రాయలేదు, మీలో ఒక్కరూ అడగలేదు. ఆ డబ్బు మేమిద్దరం దాచుకున్నదని మొదటి రోజే ఉంది. అందులో సగానికి పైగా నా జీతం. ప్రభువు బల్ల ముందు ఆయన క్షమించానన్నప్పుడు నేను పక్క గదిలో సండే స్కూలు పిల్లలతో ఉన్నాను. అరుగు మీద మూడో వంతు విడిచిపెట్టినప్పుడు ఇంట్లో ఉన్నాను. రెండు సార్లూ నాకు సంగతి తరువాతే తెలిసింది.

దావీదు రాజు బలిపీఠం కట్టడానికి అరౌనా అనే అతను తన కళ్లము ఉచితంగా ఇస్తానన్నప్పుడు, వెల ఇయ్యక తీసుకున్నదాన్ని నా దేవునికి అర్పించనని దావీదు అన్నాడు. విడిచిపెట్టడం మంచిదా కాదా అన్నది మీరు బాగా చర్చించారు, నాకు చాలా తెలిశాయి. కానీ నా వంతును ఇంకొకరు విడిచిపెడితే అది క్షమాపణ అవుతుందా అన్నది నాకు తేలలేదు. నేను వద్దంటానని కాదు. బహుశా అంతకంటే ఎక్కువే విడిచిపెడతానేమో. నన్ను అడిగి ఉంటే చెప్పేదాన్ని.

ఆ సోదరుని భార్య నాకు స్నేహితురాలు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు మూడు రాత్రులు ఆమె మంచం పక్కన కూర్చున్నాను. ఈ అప్పు సంగతి ఆమెకు ఎంతవరకు తెలుసో కూడా నాకు తెలియదు. శనివారం నేనే వెళ్లి ఆమెతో మాట్లాడతాను. అక్కడ ఏమనుకున్నామో ఇక్కడ రాయను.